కయాక్, ప్యాడిల్‌బోర్డ్, తెడ్డు: ఉప్పు ఆరకముందే చేయాల్సిన పనులు

మా విశాఖ తీరంలో తెప్ప మీద వేటకు వెళ్ళే పెద్దవాళ్ళు ఒడ్డుకు రాగానే చేసే పని ఒకటుండేది. తెప్ప కట్లు విప్పి, దుంగలను వేటికవి విడదీసి ఇసుక మీద ఆరబెట్టేవాళ్ళు. మళ్ళీ వేటకు వెళ్ళేముందు కట్టుకునేవాళ్ళు. రోజూ విప్పడం, రోజూ కట్టడం ఎందుకని చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. నీళ్ళు పీల్చిన దుంగ బరువెక్కి సరిగా తేలదు. తాడు కింద తడి నిలిచిపోతే తాడూ పాడవుతుంది, కర్రా పాడవుతుంది. అందుకే ఆ శ్రమ.

ఇప్పుడు నా దగ్గర ఒక ప్లాస్టిక్ కయాక్ (కూర్చుని తెడ్డు వేసే సన్నటి పడవ), గాలి నింపే ప్యాడిల్‌బోర్డ్ (నిలబడి తెడ్డు వేసే పలక) ఒకటి, మూడు తెడ్లు ఉన్నాయి. వస్తువులు మారినా పని అదే: విప్పడం, కడగడం, నీడలో ఆరబెట్టడం. ఇవి నీళ్ళలో ఉన్నంతసేపూ బాగానే ఉంటాయి. ఒడ్డుకు వచ్చాక వాటి మీద మిగిలిన ఉప్పు, ఇసుక, పైన పడే ఎండ వాటిని తినేస్తాయి. రుషికొండలోనో భీమిలిలోనో గంటసేపు తెడ్డు వేసి వచ్చాక ఇరవై నిమిషాలు కేటాయిస్తే చాలు, బోర్డు ఏళ్ళ తరబడి నడుస్తుంది.

దగ్గర ఉండాల్సిన సామాన్లు

రెండు బకెట్ల మంచినీళ్ళు, మెత్తటి స్పాంజి, పాత టూత్‌బ్రష్, గిన్నెలు తోమే లిక్విడ్ సోప్, రెండు పాత కాటన్ బట్టలు. ఇంతే. పైపు ఉంటే మంచిదే కానీ అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళకు బకెట్టే సరిపోతుంది. బ్లీచింగ్ పౌడర్, యాసిడ్, బాత్రూం క్లీనర్, గరుకు స్టీల్ పీచు మాత్రం దగ్గరికి రానీయకండి. కారు కడిగే ప్రెషర్ వాషర్ కూడా వద్దు. గాలి బోర్డు అతుకుల మీద, వార్నిష్ వేసిన తెడ్డు మీద ఆ ధార పడితే అంచులు లేస్తాయి.

బోరు నీళ్ళతో కడిగేవాళ్ళు ఒకటి గమనించాలి. ఉప్పు పోతుంది కానీ ఆ నీళ్ళు వాటంతటవే ఆరితే తెల్లటి మచ్చలు మిగులుతాయి. కడిగిన వెంటనే బట్టతో తుడిచేయండి. ఇప్పటికే మచ్చలు పడి ఉంటే ఒక పాలు వెనిగర్, ఒక పాలు నీళ్ళు కలిపి తుడిచి, మళ్ళీ మంచినీళ్ళతో కడగండి.

ఒడ్డు మీదే మొదలుపెట్టండి: మొదట తెడ్డు

అందరూ బోర్డు కడిగి, చివరగా తెడ్డు సంగతి చూస్తారు. నేను చెప్పేది దానికి తలకిందులు. పొడవు తగ్గించి పెంచుకునే తెడ్డు అయితే నీళ్ళలోంచి బయటికి రాగానే చేయాల్సిన మొదటి పని దాన్ని విడదీయడం.

ఈ పాఠం నాకు నష్టపోయాకే తెలిసింది. నా మొదటి తెడ్డు అల్యూమినియం గొట్టాలది. ఒక ఆదివారం అలసిపోయి వచ్చి, అలాగే గోడకు ఆనించి పడుకున్నాను. మళ్ళీ శనివారం తీసి చూస్తే లోపలి గొట్టం బయటి గొట్టంలో బిగుసుకుపోయింది. తమ్ముడూ నేనూ చెరో చివర పట్టుకుని మెలితిప్పాం, వేడి నీళ్ళు పోశాం, రబ్బరు గ్లవ్స్ వేసుకుని లాగాం. కదల్లేదు. రెండు గొట్టాల మధ్య సన్నటి సందులో ఇసుక రేణువులు ఇరుక్కున్నాయి, ఉప్పు నీళ్ళు ఆరి అల్యూమినియం తుప్పు తెల్లటి పిండిలా పేరుకుపోయింది. ఆ రెండూ కలిసి సిమెంటులా పట్టేశాయి. గొట్టం కోయాల్సి వచ్చింది.

కాబట్టి క్రమం ఇలా పెట్టుకోండి:

1. క్లాంపు వదులు చేసి తెడ్డును భాగాలుగా విడదీయండి. పక్కన పెట్టేటప్పుడు ఇసుక మీద కాకుండా తువ్వాలు మీద పెట్టండి.
2. ప్రతి గొట్టం లోపలికీ మంచినీళ్ళు పోసి, నిలువుగా పట్టుకుని కిందికి వదలండి. జరజరమని ఇసుక చప్పుడు వినిపించడం ఆగేదాకా మళ్ళీ మళ్ళీ పోయండి.
3. ఒకదాంట్లో ఒకటి దూరే భాగాన్ని, లాక్ అయ్యే చిన్న బటన్‌ను టూత్‌బ్రష్‌తో రుద్దండి. బటన్ వెనకున్న స్ప్రింగ్ మామూలుగా ఎవరికీ కనపడదు, అదే ముందు పోతుంది.
4. విడిగానే ఆరబెట్టండి, విడిగానే దాచండి.

బిగుతుగా ఉందని ఆ కీలులో గ్రీజో, కొబ్బరి నూనో, స్ప్రే నూనో రాయాలనిపిస్తుంది. రాయకండి. జిడ్డుకు ఇసుక అతుక్కుని ఇంకా తొందరగా గీరుకుపోతుంది. అక్కడ శుభ్రత తప్ప వేరే మందు లేదు.

కార్బన్ తెడ్డుకు తుప్పు భయం లేదు కానీ దెబ్బ భయం ఉంది. రాయికి తగిలిన చోట పైకి చిన్న గీతలాగే కనిపించి, లోపల పొరలు విడిపోయి ఉండొచ్చు. గోరుతో గానీ నాణెంతో గానీ ఆ చుట్టూ తట్టి వినండి. మిగతా చోట్ల టక్‌టక్ మని గట్టిగా మోగి, అక్కడ మాత్రం డబ్ మని మందంగా వినిపిస్తే లోపల విడిపోయినట్టే. దాంతో దూరం వెళ్ళకండి.

గాలి నింపే ప్యాడిల్‌బోర్డ్

ఇప్పుడు ఎక్కువమంది కొంటున్నది ఇదే. మడిచి కారు డిక్కీలో పెట్టుకోవచ్చు, ఫ్లాట్‌లో బీరువా మీద దాచుకోవచ్చు. పీవీసీ పొరల మధ్య వేల దారాలు పైపొరనూ కిందిపొరనూ కలిపి పట్టుకుంటాయి, అందుకే గాలి నింపితే బెలూన్‌లా ఉబ్బకుండా పలకలా నిలుస్తుంది. సాధారణంగా 12 నుంచి 15 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా నింపుతారు. మీ బోర్డు వాల్వ్ దగ్గర రాసి ఉన్న గరిష్ఠ అంకెను దాటకండి.

ఎండ సంగతి ఇక్కడ కాస్త లెక్క వేసి చూడాలి. పొద్దున్నే 27 డిగ్రీల దగ్గర 15 పీఎస్‌ఐ నింపారనుకోండి. టిఫిన్‌కి వెళ్ళి వచ్చేసరికి బోర్డు ఇసుక మీద ఎండలో పడుంది, లోపలి గాలి 57 డిగ్రీలకు వేడెక్కింది. అప్పుడు లోపలి ఒత్తిడి దాదాపు 18 పీఎస్‌ఐ. మీరు ఒక్క పంపు కూడా కొట్టలేదు, ఎండే కొట్టింది. అతుకులు విడిపోయేది సరిగ్గా ఇలాంటప్పుడే. బోర్డును నీళ్ళలోనో నీడలోనో ఉంచండి. రెండూ కుదరకపోతే వాల్వ్ నొక్కి కొంచెం గాలి వదిలేయండి. ముదురు రంగు బోర్డులు ఇంకా తొందరగా వేడెక్కుతాయి.

కడగడం తేలికే. గాలి తీయకముందే, పలకలా ఉన్నప్పుడే కడగాలి. ముందు ఉత్త నీళ్ళు పోసి ఇసుక జారిపోనివ్వండి. ఇసుక ఉండగా స్పాంజి పెట్టి రుద్దితే అదే శాండ్‌పేపర్ అవుతుంది. తర్వాత బకెట్ నీళ్ళలో ఒక చెంచా సోప్ కలిపి తుడవండి. పాదాలు పెట్టుకునే మెత్తటి ప్యాడ్ గాడుల్లో చెమట, సన్‌స్క్రీన్, ఇసుక పేరుకుంటాయి, అక్కడ బ్రష్ వాడండి. వాల్వ్ మూత బిగించే ఉంచాలి. కింద ఫిన్ (బోర్డును తిన్నగా నడిపే చిన్న రెక్క) పెట్టే గాడిలో ఇసుక దిగి ఉంటుంది, ఫిన్ తీసి ఆ గాడినీ స్క్రూనూ కడగండి. తీయకుండా నెలల తరబడి వదిలేస్తే తెడ్డుకు పట్టిన గతే దీనికీ పడుతుంది.

తర్వాత నీడలో, రెండు వైపులా తిప్పి, పూర్తిగా ఆరనివ్వండి. చేత్తో తాకితే ఆరినట్టే ఉంటుంది, ప్యాడ్ అంచుల కింద, డీ-రింగుల (తాళ్ళు కట్టుకునే రింగులు) వెనక తడి ఉంటుంది. తొందరపడి చుట్టి సంచిలో పెడితే విశాఖ తేమకు వారం తిరక్కుండానే నల్ల బూజు. బూజు పట్టినా కంగారు పడకండి. వెనిగర్ నీళ్ళు పట్టించి పావుగంట ఉంచి, బ్రష్‌తో రుద్ది కడిగేస్తే చాలావరకు పోతుంది.

గాలి దిగుతోందా?

కంగారుపడి బోర్డంతా వెతకక్కర్లేదు. ముందు వాల్వ్ చూడండి. లోపల ఇసుక రేణువు ఒక్కటి ఇరుక్కున్నా సన్నగా గాలి పోతుంది. వాల్వ్ తెరిచి, పంపుతో రెండుసార్లు గాలి కొట్టి ఆ రేణువును ఎగిరిపోనివ్వండి. బోర్డుతో పాటు వచ్చిన ప్లాస్టిక్ వాల్వ్ రెంచ్ ఉంటే ఆ వాల్వ్ వదులైందేమో బిగించి చూడండి. దాన్ని పారేయకుండా దాచుకోండి.

అప్పటికీ దిగుతుంటే, నిండా గాలి కొట్టి, సోప్ నీళ్ళను స్పాంజితో వాల్వ్ చుట్టూ, అంచు అతుకుల వెంట, ఫిన్ గాడి చుట్టూ పిండుకుంటూ రండి. వంగి, కళ్ళు దగ్గరగా పెట్టి చూడాలి. రంధ్రం ఉన్నచోట మొదట నురగ తెల్లబడుతుంది, తర్వాత సన్న బుడగలు ఒకదాని మీద ఒకటి పుడుతూ చిన్న కాలీఫ్లవర్‌లా పెరుగుతాయి. పెన్నుతో చుట్టూ గీత గీయండి.

ప్యాచ్ వేయడంలో మనవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. సైకిల్ షాపులో పంక్చర్ వేసే సొల్యూషన్ తెచ్చి పూస్తారు. అది రబ్బరు ట్యూబుకు, మన బోర్డు పీవీసీ. ప్లంబర్ పైపులకు వాడే పీవీసీ సొల్యూషన్ కూడా పనికిరాదు, ఫెవిక్విక్ లాంటివి ఆరాక పెళుసైపోయి బోర్డు వంగగానే పగులుతాయి. గాలి పడవలకు వాడే పీవీసీ జిగురే కావాలి. సాధారణంగా రిపేర్ కిట్‌లోనే వస్తుంది, పాతబడి గట్టిపడితే కొత్తది తెచ్చుకోండి.

గాలి పూర్తిగా తీసి బోర్డును సమంగా పరవండి. ప్యాచ్‌ను రంధ్రం చుట్టూ అన్ని వైపులా కనీసం 3 సెంటీమీటర్లు ఉండేలా, మూలలు లేకుండా గుండ్రంగా కోయండి. మూల ఉంటే అక్కడినుంచే లేస్తుంది. రెండింటినీ సన్న శాండ్‌పేపర్‌తో లైట్‌గా గరుకు చేసి, ఎసిటోన్‌తో తుడవండి. కిటికీలు తెరిచి ఉంచండి, దగ్గర్లో స్టవ్ వెలగకూడదు. జిగురు రెండువైపులా పలుచగా పూసి, ఐదు పది నిమిషాలాగి మళ్ళీ ఒక పూత వేయండి. వేలికి అంటుకోకుండా, జిగటగా మాత్రం అనిపించినప్పుడు అతికించి, మధ్య నుంచి అంచులకు చెంచా వీపుతో గట్టిగా రుద్దండి. పైన బరువు పెట్టి 24 గంటలు వదిలేయండి. తడి వాతావరణంలో ఈ పని పెట్టుకోకండి, వాన లేని రోజు చూసుకోండి.

అతుకు మొత్తం పొడవునా విడిపోతే ప్యాచ్‌తో కాదు, తెలిసినవాళ్ళకు ఇవ్వండి.

గట్టి బోర్డులు

లోపల థర్మాకోల్ లాంటి ఫోమ్, పైన ఫైబర్ గ్లాస్, ఎపాక్సీ పూత ఉండే బోర్డుకు చిన్న గుంట పడినా నీళ్ళలోకి దించకండి. ఫోమ్ నీళ్ళు పీల్చుకుంటే బోర్డు బరువెక్కుతుంది, ఆ నీళ్ళు బయటికి రావడానికి వారాలు పడుతుంది. ఒడ్డు మీద ఉంటే తాత్కాలికంగా డక్ట్ టేప్ వేసి ఇంటికి తీసుకెళ్ళండి. బాగా ఆరాకే రిపేరు. ఫైబర్ గ్లాస్ షాపులో సాధారణంగా ఉండేది పాలిస్టర్ రెజిన్. అది ఈ ఫోమ్‌కు తగిలితే ఫోమ్ కరిగిపోయి గుంట గొయ్యి అవుతుంది. ఎపాక్సీ రెజినే వాడమని గట్టిగా చెప్పండి.

కొన్ని బోర్డులకు పైన చిన్న గాలి స్క్రూ ఉంటుంది. ఎండలో కారు మీద పెట్టినప్పుడు, విమానంలో వేసినప్పుడు దాన్ని వదులు చేయాలి, నీళ్ళలోకి దిగేముందు బిగించాలి. బిగించడం మర్చిపోయేవాళ్ళే ఎక్కువ, అందుకే నేనైతే వదులు చేసిన రోజు తెడ్డు హ్యాండిల్‌కు ఎర్ర గుడ్డ కడతాను.

కయాక్, కనూ

కనూ అంటే మన దోనె. కొల్లేట్లో తాటి మొద్దు తొలిచి చేసే దోనె కూడా ఆ కుటుంబంలోదే. ఇప్పుడు కోట్‌పల్లి రిజర్వాయర్‌లో, హైదరాబాద్ దుర్గం చెరువులో అద్దెకు దొరికే కయాక్‌లు ఎక్కువగా పాలిథిలిన్ ప్లాస్టిక్‌వి. మొండివి, రాయికి గీరుకున్నా ఏమీ కావు. వాటి శత్రువు ఎండ. ఆరుబయట ఏళ్ళు పడేస్తే రంగు వెలిసి, ప్లాస్టిక్ పెళుసుబారి, ఒకరోజు సీటు కిందో కీలు దగ్గరో పగులుతుంది.

కడిగేటప్పుడు లోపల మిగిలిన ఇసుకను వదిలేయకండి. కాళ్ళ మడమలు ఆనే చోట ఇసుక ఉంటే, ఒక్కో ప్రయాణానికీ కొంచెం కొంచెంగా ప్లాస్టిక్‌ను అరగదీస్తుంది. డ్రెయిన్ ప్లగ్ (నీళ్ళు వదిలే రంధ్రం బిరడా) తీసి, ఆ రంధ్రం కిందికి వచ్చేలా పడవను కొంచెం ఎత్తి నీళ్ళన్నీ పోనివ్వండి. తీసిన ప్లగ్ పోగొట్టుకోకుండా అక్కడే దారంతో కట్టుకోండి.

అడుగున గీతల వెంట ప్లాస్టిక్ పీచు లేస్తుంది. పదునైన బ్లేడును దాదాపు అడ్డంగా పడుకోబెట్టి పీచు వరకే చెక్కేయండి. సొట్ట పడితే దిగులొద్దు. లోపల్నుంచి వేడి నీళ్ళు పోసి, ప్లాస్టిక్ మెత్తబడ్డాక అరచేత్తో తోస్తే చాలావరకు తిరిగి వస్తుంది. తోసి పట్టుకుని, పైన చన్నీళ్ళు పోయండి. పగిలితే మాత్రం ఎపాక్సీ ముద్ద పెట్టి సరిపెట్టుకోకండి. పాలిథిలిన్‌కు అది నిలవదు, నాలుగు రోజుల్లో పెంకులా ఊడి వస్తుంది. అదే ప్లాస్టిక్ కడ్డీని కరిగించి అతకాలి. ప్లాస్టిక్ వెల్డింగ్ చేసేవాళ్ళు, కారు బంపర్లు అతికేవాళ్ళు ఈ పని చేయగలరు.

దాచేటప్పుడు చివర్ల హ్యాండిళ్ళకు తాడు కట్టి వేలాడదీయకండి, బరువుకు మధ్యలో వంగిపోతుంది. ఒక పక్కకు పడుకోబెట్టి గానీ బోర్లించి గానీ, రెండు వెడల్పాటి పట్టీల మీద ఉంచండి. కారు మీద కట్టినప్పుడు పట్టీ కదలకుండా ఉంటే చాలు. మే నెల ఎండలో బిగించి కట్టి గంటలు వదిలేస్తే పట్టీ కింద ప్లాస్టిక్ నొక్కుకుపోతుంది.

ఎండ నుంచి కాపాడే యూవీ స్ప్రేలు దొరుకుతాయి, కొన్ని నెలలకోసారి శుభ్రం చేశాక తుడవొచ్చు. నిలబడే ప్యాడ్ మీద, తెడ్డు పట్టుకునే చోట మాత్రం రాయకండి, జారి పడతారు. టైరు మెరుపు కోసం వాడే సిలికాన్ స్ప్రే దీనికి బదులు కాదు.

కర్ర తెడ్డుకు కొత్త వార్నిష్

ఇది నాకు బాగా ఇష్టమైన పని, అందుకే కాస్త విపులంగా చెబుతాను. కర్ర తెడ్డు చేతికి వెచ్చగా ఉంటుంది, నీళ్ళ లాగుడు మణికట్టు దాకా తెలుస్తుంది. కానీ దాని ప్రాణమంతా రెక్క కొసలో ఉంటుంది. రాళ్ళకు తగిలి అక్కడ వార్నిష్ పోతే, కర్ర ఈనెల చివర్లు బయటపడి స్ట్రాలా నీళ్ళు పీల్చుకుంటాయి. కొస దగ్గర కర్ర నల్లబడినట్టు, మిగతా చోటికంటే ముదురు రంగులో ఉన్నట్టు కనిపిస్తే సమయం దాటిపోతోందని అర్థం.

నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య చేయండి. వానాకాలం తేమలో వేస్తే వార్నిష్ పాలలా మసకబారుతుంది. ముందు కడిగి, నాలుగైదు రోజులు గాలి తగిలే నీడలో ఆరనివ్వండి. 120 నంబరు శాండ్‌పేపర్‌తో ఈనె వెంట, తర్వాత 220తో నున్నగా రుద్దండి. గట్టిగా ఉన్న పాత వార్నిష్ మొత్తం గీకనక్కర్లేదు, మెరుపు పోతే చాలు, లేచిన చోట మాత్రం కర్ర దాకా వెళ్ళాలి. తడి బట్టతో దుమ్ము తుడిచి ఆరనివ్వండి.

ఫర్నిచర్ వార్నిష్ కాకుండా పడవలకు వాడే మెరైన్ వార్నిష్ అడగండి, అది ఎండకు, తడికి కర్రతో పాటు సాగుతుంది. మొదటి పూతను టర్పెంటైన్‌తో పలుచన చేసి, కొస మీద కర్ర తాగడం మానేదాకా మళ్ళీ మళ్ళీ అద్దండి. తర్వాత మామూలు చిక్కదనంలో మూడు పూతలు. పూతకూ పూతకూ మధ్య ఒక రోజు ఆగి, 320తో తేలిగ్గా రుద్దాలి. చిక్కగా ఒక్క పూత వేసి ముగిద్దామనుకుంటే కారి, లోపల ఆరక ముడతలు పడుతుంది.

చెయ్యి పట్టే పై పిడికి వార్నిష్ వద్దు. నున్నటి వార్నిష్ తడి చేతికి అంటుకుని బొబ్బలు ఎక్కిస్తుంది. అక్కడ లిన్‌సీడ్ ఆయిల్ రాసి, ఇరవై నిమిషాలాగి మిగిలింది తుడిచేయండి. ఇక్కడొక జాగ్రత్త ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఆ నూనె తుడిచిన గుడ్డను ఉండ చుట్టి మూల పడేస్తే, ఆరుతూ ఆరుతూ తనంతట తానే వేడెక్కి నిప్పంటుకోవచ్చు. అగ్గిపుల్ల అక్కర్లేదు. గుడ్డను విప్పి బయట దండెం మీద విడిగా ఆరేయండి, లేదా నీళ్ళ బకెట్లో ముంచేయండి.

వార్నిష్ అయ్యాక తెడ్డును గోడకు ఆనించి నిలబెట్టకండి, నెలల్లో వంగుతుంది. వేలాడదీయండి, లేదా పడుకోబెట్టండి.

మంచినీళ్ళ చెరువులకు వెళ్ళి వస్తే

ఉప్పు లేదు కదా అని కడగడం మానొద్దు. చెరువు నీళ్ళలో ఉప్పు బదులు గుర్రపుడెక్క ముక్కలు అంటుకుని వస్తాయి. ఫిన్ గాడిలో ఇరుక్కున్న చిన్న ముక్క ఇంకో చెరువులో పడితే అక్కడ మళ్ళీ మొలుస్తుంది. చెరువు ఒడ్డునే అన్నీ తీసేసి, నీళ్ళు అక్కడే వంచేయండి.

అమెరికాలో, ముఖ్యంగా మిషిగన్, మిన్నెసోటాల్లో ఉన్న మనవాళ్ళకు ఇది చట్టం కూడా. 1988లో సెయింట్ క్లెయిర్ సరస్సులో కనపడిన జీబ్రా మసెల్ అనే చిన్న ఆల్చిప్ప సరస్సుల నుంచి సరస్సులకు పాకింది. దాని పిల్లలు కంటికి కనపడవు, కయాక్ అడుగున నిలిచిన గ్లాసెడు నీళ్ళలో ప్రయాణం చేస్తాయి. అందుకే అక్కడ ఒడ్డు దాటేముందే మొక్కలు తీసి, నీళ్ళు వంచి, ప్లగ్ తీసి బయల్దేరాలి. ఇంకో సరస్సులో దించేముందు కనీసం ఐదు రోజులు ఆరనివ్వమని సలహా ఇస్తారు.

వానాకాలం దాచడం

లైఫ్ జాకెట్, బోర్డును మన కాలికి కట్టి ఉంచే లీష్ కూడా మంచినీళ్ళలో ముంచి నీడలో ఆరేయండి. జాకెట్ పట్టీలు, బకిల్స్, కుట్లు ఒక్కొక్కటీ లాగి చూడండి. లీష్ తాడు మీద పగులు కనిపిస్తే కొత్తది కొనేయండి, దాని మీద ప్రాణం ఆధారపడి ఉంటుంది.

బోర్డును వదులుగా చుట్టండి, ప్రతిసారీ అదే చోట మడత పడకుండా చూడండి. చోటుంటే సగం గాలితో మంచం కిందో అటక మీదో పెట్టడం ఇంకా మంచిది. సెల్లార్‌లో పెట్టేవాళ్ళు ఎలుకల సంగతి మరవొద్దు. సంచిలో మిగిలిన బిస్కెట్ ముక్క కోసం వచ్చిన ఎలుక పీవీసీని కొరికేస్తుంది, మా అపార్ట్‌మెంట్లోనే ఒకరి బోర్డుకు ఏడు రంధ్రాలు పడ్డాయి. సంచి జేబులన్నీ దులిపి, ఖాళీ చేసి పెట్టండి.

వానలు వెనకబట్టాక మొదటిసారి తీసినప్పుడు నేరుగా బీచ్‌కు వెళ్ళకండి. ముందురోజు రాత్రి ఇంట్లోనే గాలి నింపి, పంపు గేజ్ చూసి అంకె కాగితం మీద రాసి పెట్టండి. పొద్దున చల్లదనానికి కొంచెం తగ్గడం మామూలే. రెండు మూడు పీఎస్‌ఐ దిగి ఉంటే మాత్రం సోప్ నీళ్ళ బకెట్ తీసుకుని మళ్ళీ వాల్వ్ దగ్గరినుంచి మొదలుపెట్టండి.